బల్బు వెలిగితే పాసయినట్టు కాదు

మన ఊళ్లలో పరీక్షలంటే రెండే. ఒకటి పదో తరగతి, రెండోది ఎంసెట్. దాని పేరు ఈఏపీసెట్‌గా మారినా జనం నోట్లో ఇంకా ఎంసెటే. అమలాపురం బస్టాండులో చుట్టం తగిలితే క్షేమసమాచారాలకంటే ముందు అడిగేది ‘మీవాడి ర్యాంకెంత?’ అనే. అదే కుర్రాడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదువుతున్నాడనుకోండి... ‘ఓహో, అలాగా’ అని మాట మార్చేస్తారు. వాడి ప్రాక్టికల్ పరీక్ష ఎప్పుడు, అందులో ఏం చేయించారు అని అడిగే నాథుడుండడు.

కానీ రాత్రి ఏడింటికి కరెంటు పోతే మనం ఫోన్ చేసేది ర్యాంకు వచ్చినవాడికి కాదు కదా! మీటరు దగ్గర నిప్పురవ్వలు రాలినా, బోరు మోటారు మూలిగి ఆగిపోయినా, రొయ్యల చెరువులో ఏరియేటర్ తిరగడం మానేసినా అప్పుడు ఎలక్ట్రీషియనే దేవుడు. ఆ దేవుడికి విద్య వచ్చో రాదో తేల్చే పరీక్ష ఒకటుంది. ఈ వారం దాని గురించి మాట్లాడుకుందాం. ఎందుకంటే అందులో పాసయ్యేది వాడే అయినా, తప్పితే నష్టపోయేవాళ్లలో మనమూ ఉన్నాం.

ఐటీఐ ఎలక్ట్రీషియన్ కోర్సు రెండేళ్లు. 2022లో సవరించిన సిలబస్ ప్రకారం ఏడాదికి 840 గంటలు వర్క్‌షాపులో పనిచేస్తూనే నేర్చుకోవాలి. ట్రేడు థియరీకి మొదటి ఏడాది ఇచ్చింది 240 గంటలే. చివర్లో జరిగే అఖిల భారత ట్రేడ్ టెస్టులో ఇంకో విశేషం చూడండి. థియరీ గట్టెక్కడానికి నూటికి 33 మార్కులు చాలు. ప్రాక్టికల్‌లో మాత్రం 60 రావాలి. ఓం సూత్రం చెప్పడంలో కాస్త తడబడినా ఫరవాలేదు గానీ, తీగ బిగించడంలో తడబడితే కుదరదని ఆ నిబంధన రాసినవాళ్ల ఉద్దేశం. డిగ్రీ చదువుల్లో ప్రాక్టికల్స్ అంటే మార్కులు కలుపుకొనే చోటని అలవాటుపడ్డ మనకు ఇది వింతగానే ఉంటుంది.

ఇంతకీ ఆ పరీక్షలో ఏం చేయిస్తారు? చూడ్డానికి చాలా చిన్న పనులే. ఒక చెక్క బోర్డు, నాలుగు స్విచ్చులు, రెండు హోల్డర్లు, కొంత తీగ, కటింగ్ ప్లయరు, స్క్రూడ్రైవరు, టెస్టరు. మెట్ల కింద వేసిన దీపాన్ని మెట్లపైన ఆర్పేలా టూవే స్విచ్చులతో కనెక్షన్ ఇమ్మంటారు. రెండు తీగల్ని బ్రిటానియా జాయింటు వేసి చూపించమంటారు. త్రీఫేజ్ మోటారుకు స్టార్ డెల్టా స్టార్టరు కలపమంటారు. మెగ్గరు పెట్టి ఇన్సులేషన్ కొలవమంటారు. ఎర్తు రెసిస్టెన్స్ చూడమంటారు. గంటలు లెక్కపెట్టి సమయం ఇస్తారు. పక్కన ఎగ్జామినర్ నిలబడి చూస్తుంటాడు.

కుర్రాడు చెమటలు కక్కుతూ పని పూర్తిచేస్తాడు. స్విచ్ వేస్తాడు. బల్బు వెలుగుతుంది. హమ్మయ్య... పాసే అనుకుంటాడు. అసలు పరీక్ష మొదలయ్యేది అక్కడే.

స్విచ్ ఎప్పుడూ ఫేజు తీగలోనే ఉండాలన్నది ఈ విద్యకు ఓనమాల్లాంటిది. ఎవరైనా పొరపాటున న్యూట్రల్ తీగలో పెట్టాడనుకోండి, బల్బు వెలుగుతుందా? భేషుగ్గా వెలుగుతుంది. స్విచ్ ఆపితే ఆరిపోతుందా? ఆరిపోతుంది. ఇంటాయనకు తేడా ఏమీ కనపడదు. డబ్బులిచ్చి, కాఫీ ఇచ్చి పంపిస్తాడు. ఆరు నెలల తర్వాత ఆ బల్బు మాడిపోతుంది. కొత్తది పెట్టడానికి ఆయన కొడుకు స్టూలెక్కుతాడు. స్విచ్ ఆపే ఉంది కదా అని ధీమాగా హోల్డరు పట్టుకుంటాడు. ఫేజు అక్కడే కాచుకుని ఉంటుంది.

కరెంటు పనిలో ఉన్న చిక్కంతా ఇదే. తప్పు చేసినా పని జరుగుతుంది. ఎర్తు తీగ కలపకపోయినా ఫ్రిజ్ చల్లగానే ఉంటుంది. ఫ్యూజులో సన్న తీగ బదులు లావుపాటి రాగితీగ చుట్టినా ఇంట్లో దీపాలన్నీ వెలుగుతాయి. పైగా ‘మా ఫ్యూజు ఎప్పుడూ పోదండీ’ అని గొప్పగా చెప్పుకుంటాం కూడా. రెండు తీగల్ని మెలిపెట్టి పైన టేపు చుట్టేసినా ఫ్యాను తిరుగుతుంది. వంటలో ఉప్పు ఎక్కువైతే మొదటి ముద్దకే తెలిసిపోతుంది. కరెంటు పనిలో తప్పు మాత్రం వానాకాలం దాకా ఓపిగ్గా కూర్చుంటుంది. బల్బు చెప్పలేని ఆ సంగతిని పట్టుకోవడానికే ఎగ్జామినర్‌ను అక్కడ పెట్టింది.

అందుకే తెలిసిన ఎగ్జామినర్ బల్బుకేసి చూడడు. కుర్రాడి చేతులకేసి చూస్తాడు. పని మొదలెట్టేముందు వేలి ఉంగరం, చేతి గడియారం తీశాడా? సప్లయి ఆపి ఉందో లేదో తనంతట తను టెస్టరుతో చూసుకున్నాడా, పక్కవాడు చెప్పింది నమ్మేశాడా? టెస్టరు పనిచేస్తోందో లేదో ముందు కరెంటున్న చోట పెట్టి చూసుకున్నాడా? తీగపై తొడుగు ఒలిచేటప్పుడు లోపలి పోగులు తెగ్గొట్టాడా? స్క్రూ బిగించాక తీగను ఓసారి లాగి చూశాడా? అంతా అయ్యాక మెగ్గరు పెట్టి, కనీసం ఒక మెగోమ్ చూపించిన తర్వాతే సప్లయి అడిగాడా? చివరికి మిగిలిన తీగముక్కలు ఎంత, వాటిని ఏం చేశాడన్నది కూడా లెక్కే. పదార్థం వృథా చేయకపోవడం, చెత్త సరిగ్గా తీసెయ్యడం, భద్రత పట్ల శ్రద్ధ... మూల్యాంకనంలో ఇవన్నీ చూడాలని సిలబస్‌లోనే రాసి ఉంది.

ఈ జాగ్రత్తలు ఏ ఊరికైనా అవసరమే. కానీ కోనసీమకు మరీ అవసరం. మనది నీళ్ల మధ్య పెరిగిన నేల. నాలుగడుగులు వేస్తే కాలవ, పది అడుగులు వేస్తే చెరువు. వానాకాలంలో పెరడంతా చిత్తడే. తడి నేలమీద చెప్పుల్లేకుండా నిలబడ్డవాడి ఒంట్లోంచి కరెంటు సులువుగా భూమిలోకి దారి చూసుకుంటుంది. ఓ చిన్న లెక్క చెబుతాను. 7 వాట్ల ఎల్ఈడీ బల్బు 230 ఓల్టుల మీద తీసుకునే కరెంటు దాదాపు 30 మిల్లీ ఆంపియర్లు. పడగ్గదిలో పెట్టుకునే ఆ చిన్న దీపానికి సరిపోయే కరెంటు ఛాతీ గుండా పోతే మనిషి ప్రాణానికి ముప్పు. మరి ఎంసీబీ ఉంది కదా అంటారేమో! 6 ఆంపియర్ల ఎంసీబీకి అది తన సామర్థ్యంలో రెండు వందలో వంతు. దాన్ని అది లెక్కే చెయ్యదు. మనిషి పోయినా ఎంసీబీ పడకపోవచ్చు. ఆ 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీని పట్టుకోవడానికే ఇళ్లలో ఆర్‌సీసీబీ పెట్టమంటారు. ఎంసీబీకీ ఆర్‌సీసీబీకీ తేడా తెలిసినవాడు మీ ఇంటికి వైరింగ్ చేశాడా లేదా అన్నది చాలా పెద్ద ప్రశ్న.

చెరువు గట్టున ఏరియేటర్ మోటారుకు వెళ్లే కేబులు ఎండకు ఎండి, వానకు నాని, ఎక్కడో ఓ చోట పగులుతుంది. అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఇనుము ఎంత తొందరగా తుప్పు పడుతుందో ఆ ఊళ్లవాళ్లకు చెప్పక్కర్లేదు. భూమిలో పాతిన ఎర్తు పైపుదీ అదే గతి. పైన క్లాంపు మెరుస్తూ ఉంటుంది, లోపల పైపు ఉండదు. దాన్ని కంటితో చూసి చెప్పలేం, కొలిచి చెప్పాలి. కొబ్బరికాయలు కోసే ఇనుప గెడ పైనున్న తీగకు తగలడం, గాలికి మట్ట విరిగి లైనుమీద పడటం మనకు కొత్త సంగతులు కావు. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. కొబ్బరిచెట్లతోపాటు కరెంటు స్తంభాల్నీ కూల్చేసింది. అలాంటి వేళ నీళ్లలో పడి ఉన్న తీగ దగ్గరికి మొదట వెళ్లేది కరెంటు పనివాడే. అక్కడ ఎగ్జామినర్ ఉండడు. వర్క్‌షాపులో చేతికి అలవాటైందే ఆ పూట వాణ్ని కాపాడాలి.

స్తంభం మాట వచ్చింది కాబట్టి ఇంకో పరీక్ష గురించి చెప్పుకోవాలి. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చినప్పుడు రాష్ట్రంలో ఎనర్జీ అసిస్టెంట్లను తీసుకున్నారు. మనల్ని చూసే తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ఒక్కటే 2,859 పోస్టులు ప్రకటించింది. పదో తరగతితోపాటు ఐటీఐ ఎలక్ట్రికల్, వైర్‌మన్ లాంటి ట్రేడు గానీ, ఇంటర్‌లో ఎలక్ట్రికల్ ఒకేషనల్ కోర్సు గానీ ఉండాలన్నారు. అభ్యర్థుల చేత చేయించిన పనులు మూడు. స్తంభం ఎక్కడం, మీటరు రీడింగ్ తీయడం, సైకిల్ తొక్కడం.

ఈ రోజుల్లో సైకిల్ పరీక్షేమిటని అప్పట్లో నవ్వుకున్నవాళ్లున్నారు. లంక గ్రామాల్లో లైను ఎక్కడ తెగిందో వెతుక్కుంటూ పోవాల్సి వస్తే నవ్వు ఆగిపోతుంది. జానెడు వెడల్పు గట్టుమీద జీపు పోదు. మీటరు రీడింగ్ కూడా అంతే. నాలుగంకెలు చదవడం ఏం బ్రహ్మవిద్య అనిపిస్తుంది. ఒక అంకె తప్పు చదివితే కూలిపని చేసుకునే ఇంటికి వేలల్లో బిల్లు వస్తుంది. దాన్ని సరిదిద్దుకోవడానికి ఆయన ఎన్ని రోజుల కూలి పోగొట్టుకోవాలో లెక్కవేయండి.

ఇక స్తంభం ఎక్కడం. కోనసీమ కుర్రాళ్లకు ఇదో లెక్కా అంటారు కొందరు. నిజమే, వీధుల్లో ఉండే ఎల్టీ స్తంభం పొడవు 8 మీటర్లు. అందులో ఆరో వంతు భూమిలోకి పోతుంది. పైకి కనిపించేది ఆరున్నర మీటర్ల పైచిలుకు. మన పాతకాలపు కొబ్బరిచెట్టు దానికి రెండింతలకు తక్కువుండదు. కాళ్లకు బంధం వేసుకుని రోజుకు పదుల చెట్లెక్కే దింపు కార్మికులున్న సీమ ఇది. అయితే చెట్టు నీ ఎత్తునే పరీక్షిస్తుంది. స్తంభం మీదికి చేరాక రెండు చేతులూ వదిలి, బెల్టు మీద భారం వేసి, ప్లయరుతో పనిచెయ్యాలి. పైగా చెట్టుకు ప్రాణం ఉంటుంది గానీ, ప్రాణం తీసే తీగలుండవు.

ఈ పరీక్షలో ఉన్న గొప్పతనం ఏమిటంటే అది మనిషి పుట్టుపూర్వోత్తరాలు అడగదు. తెలంగాణలో దక్షిణ డిస్కం 2019లో జూనియర్ లైన్‌మన్ పోస్టులకు ప్రకటన ఇచ్చినప్పుడు మహిళలకు అవకాశం ఇవ్వలేదు. కొందరు అమ్మాయిలు హైకోర్టుకు వెళ్లారు. కోర్టు ఆదేశాలతో 2020 డిసెంబరులో వాళ్లకూ స్తంభం పరీక్ష పెట్టారు. బబ్బూరి శిరీష, భారతి అనే ఇద్దరు ఎక్కి చూపించారు. 2021లో శిరీష ఉద్యోగంలో చేరి ఆ రాష్ట్రంలో తొలి లైన్‌ఉమన్ అయ్యారు. ఆడపిల్లలు ఈ పని చెయ్యగలరా అనే చర్చ ఎన్నేళ్లయినా సాగేదేమో! స్తంభం దాన్ని నిమిషాల్లో తేల్చేసింది. మన ఐటీఐల్లో ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరాలని ఉండి, ఇంట్లోవాళ్లు ఏమంటారోనని ఆగిపోయే అమ్మాయిలుంటే ఈ సంగతి వాళ్ల చెవిన వెయ్యండి.

ఎక్కడం వస్తే సరిపోతుందా? ఎక్కేముందు చెయ్యాల్సిన పని ఇంకా ముఖ్యం. లైను మీద పనిచెయ్యాలంటే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ తీసుకోవాలి. ఏబీ స్విచ్ తెరిచి, తీగలు విడివడ్డాయో లేదో కంటితో చూడాలి. లైనులో కరెంటు లేదని పరీక్షించుకోవాలి. తర్వాత పనిచేసే చోటుకు రెండు పక్కలా తీగల్ని కలిపి ఎర్తు చెయ్యాలి. కరెంటు ఆపేశాక మళ్లీ ఎర్తు ఎందుకు? పక్క వీధిలో కల్యాణమండపం వాళ్లు ఛేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ వేశారనుకోండి. ఆ కరెంటు వెనక్కి నడిచి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళుతుంది. 11 వేల ఓల్టులను 433కు దించే ఆ యంత్రమే, వెనక నుంచి వస్తే అదే లెక్కన పైకి ఎక్కిస్తుంది. ఆగిపోయిందనుకున్న లైనులో మళ్లీ వేల ఓల్టులు పుడతాయి. పైనున్నవాడికి కబురు చెప్పేవాళ్లుండరు. ‘ఐదు నిమిషాల పనే కదా, ఎర్తు రాడ్లెందుకు’ అని వదిలేసినవాళ్లలో ఎందరో ఆ ఐదు నిమిషాలు దాటలేదు.

ప్రాక్టికల్ పాసయ్యాక వచ్చేది అప్రెంటిస్‌షిప్. దీనికి 1961లోనే చట్టం చేశారు. ఇప్పటి నిబంధనల ప్రకారం 30 మంది గానీ, అంతకు మించి గానీ పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలి. వాళ్ల సంఖ్య మొత్తం సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా ఉండాలి. ఐటీఐ పాసైనవాళ్లకు సాధారణంగా ఏడాది శిక్షణ. 2019 సవరణలో వాళ్లకు నెలకు కనీసం 7,000 రూపాయల స్టైపెండ్ నిర్ణయించారు. చివర్లో మళ్లీ పరీక్ష పెట్టి, జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తారు. విశాఖలో నౌకాదళం డాక్‌యార్డు అప్రెంటిస్ స్కూలు రాతపరీక్ష పెట్టి ఎంచుకుంటుంది. రైల్వే అయితే పదో తరగతి, ఐటీఐ మార్కుల సగటు చూసి జాబితా వేస్తుంది. అంటే ఐటీఐ వర్క్‌షాపులో తెచ్చుకున్న ప్రతి మార్కూ తర్వాత ఇంకో తలుపు దగ్గర అక్కరకొస్తుంది.

సరిగ్గా ఇక్కడే ఒక ప్రమాదం కూడా ఉంది. మార్కులకు అంత విలువ ఉన్నప్పుడు వాటిని ఎలాగోలా వేయించుకోవాలనే ఆలోచన వస్తుంది. రికార్డు ఎవరితోనో రాయించడం, ఎగ్జామినర్‌కు మంచి భోజనం పెట్టించడం, ‘పేద కుర్రాడండీ, చూసీచూడనట్టు పోనివ్వండి’ అని సిఫారసు చెయ్యడం మనకు తెలియనివేం కావు. జాలి మంచి గుణమే. కానీ ఈ పరీక్షలో జాలి చూపితే దాని బాకీ ఎవరు తీరుస్తారు? చరిత్రలో రెండు మార్కులు కలిపితే అక్బరు కాలం మారదు. ఇన్సులేషన్ కొలవడం రానివాడికి 60 వేసి పంపితే, ఆ తక్కువైన మార్కుల్ని వాడు స్తంభం మీద కట్టాలి. లేదా మన పెరట్లో మన పిల్లలు కట్టాలి. మళ్లీ ఆరు నెలలు నేర్చుకుని రమ్మని పంపిన ఎగ్జామినరే ఆ కుర్రాడికి ఎక్కువ మేలు చేసినట్టు.

ఈ ఏడాది పరీక్షకు వెళ్లే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాలుగు ముక్కలు. ప్రశ్న రెండుసార్లు చదవండి. తీగ ముట్టుకునేముందు కాగితం మీద బొమ్మ గీయండి. ఫేజు ఎటునుంచి వచ్చి ఎటు పోతోందో వేలుపెట్టి చూపగలిగితేనే బోర్డు దగ్గరికి వెళ్లండి. స్టార్ డెల్టాలో ఆరు తీగలుంటాయి. కలిపేముందే వాటికి గుర్తులు పెట్టుకోండి. సప్లయి ఇచ్చేముందు ఎగ్జామినర్‌ను పిలవండి. బల్బు వెలగకపోతే కంగారుపడి కరెంటు ఉండగానే స్క్రూడ్రైవర్ పెట్టకండి. ముందు సప్లయి ఆపండి, తర్వాత వెతకండి. దీపం వెలగనందుకు కొన్ని మార్కులు పోతాయి. ఆపకుండా చెయ్యి పెట్టడం అలవాటైతే పోయేవి మార్కులు కావు.

ఇక అమ్మానాన్నలకు ఒక్క మాట. పిల్లవాడు పరీక్ష రాసి ఇంటికొచ్చాక ‘పాసవుతావా?’ అని వదిలెయ్యకండి. ‘స్విచ్ ఏ తీగలో పెట్టావురా?’ అని అడగండి. మీకు కరెంటు సంగతులు తెలియకపోయినా ఫరవాలేదు. వాడు ఎందుకలా పెట్టాడో మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే వాడికి విద్య వచ్చినట్టే. మీ ఇంటికి వైరింగ్ చేసేవాణ్ని కూడా అదే అడగండి. పని తెలిసినవాడు విసుక్కోడు. ప్లయరు పక్కన పెట్టి, టెస్టరు తీసి, సంతోషంగా చూపిస్తాడు.